ఆరో తరగతితో బడి మానిన పిల్లవాడు: కామరాజుగారి చిన్నతనం

ప్రతి ఏడూ జూలై 15 దగ్గర పడుతూంటే మన బళ్ళలో కామరాజుగారి పటానికి పూలమాల సిద్ధమవుతుంది. 2006 నుంచి తమిళనాడులో ఆ రోజును విద్యాభివృద్ధి దినంగా జరుపుకుంటున్నాం. మీ పిల్లలు ఆ రోజు ఉపన్యాసాలు చెబుతారు, వ్యాసాలు రాస్తారు. ఎవరు రాసినా అందులో ఒక మాట తప్పకుండా ఉంటుంది. కామరాజుగారు ఆరో తరగతి వరకే చదివారని.

ఆ మాట వినగానే కొంతమంది పిల్లల కళ్ళలో ఒక మెరుపు కనిపిస్తుంది. ఆరుతో ఆపేసినాయన ముఖ్యమంత్రి అయితే, ఎనిమిదితో ఆపితే నాకేం తక్కువ అనే మెరుపు అది. కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళూ ఇదే లెక్క వేస్తారు. పిల్లవాణ్ణి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకో, టపాకాయల పనికో, మేనమామ అంగడికో పంపితే నాలుగు రూపాయలు వస్తాయి కదా అనుకుంటారు. అందుకే ఈసారి ఆయన ముఖ్యమంత్రి ఎలా అయ్యారన్న సంగతి కాస్త పక్కన పెడదాం. ఆయన పిల్లవాడుగా ఉన్నప్పుడు ఇల్లు ఎలా ఉండేది, వీధి ఎలా ఉండేది, చుట్టూ ఎవరెవరు ఉన్నారు, వాళ్ళలో ఎవరు ఏమిచ్చారు అన్నది చూద్దాం. మీరు కోవిల్‌పట్టిలో ఉన్నా విరుదునగర్‌లో ఉన్నా ఇదంతా మీకు బస్సు దూరంలో జరిగిన కథే.

1903 జూలై 15న విరుదునగర్‌లో పుట్టాడు. అప్పట్లో ఆ ఊరిని విరుదుపట్టి అనేవారు. తండ్రి కుమారస్వామి నాడార్ కొబ్బరికాయల వ్యాపారి. తల్లి శివకామి అమ్మాళ్. కులదైవం పేరు మీద కామాక్షి అని పేరు పెట్టారు. తల్లి మాత్రం రాజా అని ముద్దుగా పిలిచేది. రెండూ కలిసి కామరాజు అయింది. తర్వాత నాగమ్మాళ్ అని ఒక చెల్లెలు. ఇంట్లో నాయనమ్మ పార్వతి అమ్మాళ్ ఉండేది. పెద్ద ఆస్తులు లేవు గానీ అన్నానికి లోటు లేదు. మొదటి మనవడు కాబట్టి గారాబమూ ఉండేది.

ఇంటి సంగతి ఇంతవరకు మామూలే. ఇక ఆ వీధి సంగతి వినండి, అది మామూలు కాదు.

నాడార్లను ఆ రోజుల్లో చాలా గుళ్ళలోకి రానిచ్చేవారు కాదు. గుడి ప్రవేశం గురించి కోర్టుల దాకా వెళ్ళారు, కొట్లాటలూ జరిగాయి. కామరాజు పుట్టడానికి 4 ఏళ్ళ ముందు, 1899లో, శివకాశిలో ఇళ్ళు తగలబెట్టి దోచుకున్నారు. మీ తాతయ్యల నాన్నగారి తరం ఆ మాటలు విని ఉంటుంది. ఇలాంటి చోట పెరిగే పిల్లవాడికి రెండు రకాల పాఠాలు అందవచ్చు. మనం తక్కువవాళ్ళం, తల వంచుకుని పోవాలి అన్నది ఒకటి. ఎవరో వచ్చి బాగుచేస్తారని కూర్చోకుండా మనమే కలిసి ఏదో ఒకటి కట్టుకోవాలి అన్నది రెండోది. విరుదుపట్టి వ్యాపారులు రెండో దారి పట్టారు. అమ్మే ప్రతి మూటకూ ఇంత అని మగమై పేరుతో ఒక చిన్న రుసుము తీసి ఊరి నిధిలో వేసేవారు. ఆ డబ్బుతో బావులు తవ్వించారు, సత్రాలు కట్టించారు, బడి పెట్టారు. అదే క్షత్రియ విద్యాశాల. ఆ బడి నడపడానికి ఇంటింటి నుంచీ పిడికెడు బియ్యం పోగుచేసే పద్ధతి కూడా ఉండేది. అన్నం వండబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన ఉన్న కుండలో వేసేది. వారానికోసారి వచ్చి ఆ బియ్యం తీసుకెళ్ళేవారు. పిల్లల దగ్గర జీతం అడగని బడి అది.

ఈ పిడికెడు బియ్యం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

కామరాజు మొదట ఒక వీధిబడిలో అక్షరాలు దిద్దాడు. తర్వాత ఏనాది నాయనార్ విద్యాశాలలో చేరి, అక్కణ్ణుంచి క్షత్రియ విద్యాశాలకు వెళ్ళాడు. చదువులో మొదటివాడేమీ కాదు. అలా అని మొద్దూ కాదు. ఆ బడి రోజుల గురించి విరుదునగర్‌లో ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఒకటుంది. వినాయక చవితికి బడిలో పూజ చేసి, పిల్లలందరి దగ్గరా తలా కొంత డబ్బు తీసుకుని ప్రసాదం పంచారట. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎగబడితే, ఇతను మాత్రం పక్కన నిలబడి ఉండి చివరికి మిగిలిన కాస్త తీసుకుని ఇంటికి వచ్చాడట. ఇంతే ఎందుకు తెచ్చావని నాయనమ్మ కోప్పడితే, అందరి దగ్గరా ఒకే డబ్బు తీసుకున్నప్పుడు అందరికీ సమంగా పంచవలసింది అయ్యవార్లు కదా, నేనెందుకు తోసుకోవాలి అన్నాడట. ఇది జరిగిందో, పెద్దవాడయ్యాక ఆయన స్వభావం చూసి ఎవరైనా అల్లారో నేను చెప్పలేను. అయితే ఈ కథలో నాకు నచ్చేది పిల్లవాడి జవాబు కాదు, ఆ నాయనమ్మే. పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే విని ఊరుకునే పెద్దవాళ్ళు ఆ ఇంట్లో ఉన్నారన్నమాట. మన ఇళ్ళలో అలాంటి జవాబుకు ఎన్నిసార్లు చెంప దెబ్బ పడుతుందో మీకే తెలుసు.

ఆరేళ్ళ వయసులో తండ్రి పోయాడు.

ఆ రోజుల్లో సంపాదించే మనిషి పోతే ఇల్లు ఎలా కూలిపోయేదో ఇప్పటి పిల్లలకు ఊహకు అందదు. శివకామి అమ్మాళ్ చదువుకున్న మనిషి కాదు, ఉద్యోగం లేదు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె చేసిన పని చూడండి. చెవి కమ్మలు తప్ప ఒంటి మీది నగలన్నీ అమ్మేసింది. వచ్చిన డబ్బు ఖర్చు పెట్టలేదు. ఊళ్ళో నమ్మకమైన ఒక వ్యాపారి దగ్గర దాచి, నెలనెలా వచ్చే వడ్డీతోనే ఇల్లు నడిపింది. అసలు ముట్టుకోలేదు. పిల్లవాణ్ణి అప్పుడే పనికి పంపలేదు, ఇంకొన్నేళ్ళు బడిలోనే ఉంచింది. కామరాజుగారు తర్వాత పదవుల్లో ఉన్నప్పుడు ప్రభుత్వం డబ్బు దగ్గర అంత జాగ్రత్తగా ఉండేవారని శత్రువులు కూడా ఒప్పుకున్నారు. ఆ జాగ్రత్త ఏ పుస్తకంలో నేర్చుకున్నారని అడిగితే, నేనైతే ఆ వడ్డీ లెక్కల ఇంటినే చూపిస్తాను.

అయినా వడ్డీ డబ్బు ఎన్నాళ్ళు సరిపోతుంది? సుమారు పన్నెండేళ్ళప్పుడు, ఆరో తరగతిలో ఉండగా, బడి మాన్పించి మేనమామ కరుప్పయ్య నాడార్ బట్టల అంగడిలో పెట్టారు. ఇక్కడ ఎవరినీ తప్పు పట్టలేం. ఇల్లు గడవాలి. మేనమామ తన అంగడిలో చోటు ఇచ్చాడు, అదే ఆయన చేయగలిగిన సాయం.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. పిల్లలూ, మీకే చెబుతున్నాను. ఆయన చదువు వద్దనుకుని బడి మానలేదు. ఇంట్లో వీలు లేక మానిపించారు. ఈ రెండిటికీ తేడా ఉంది. ఆ తేడా ఆయన జీవితాంతం మరిచిపోలేదు. ఎలాగో చివర చెబుతాను.

బట్టల అంగడి అంటే అప్పట్లో అమ్మకం ఒక్కటే కాదు. బజారుకు వచ్చేవాళ్ళు అరుగు మీద కూర్చుంటారు, ఊరి కబుర్లు చెప్పుకుంటారు, ఎవరో ఒకరు పత్రిక పైకి చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. స్వదేశమిత్రన్ అనే తమిళ పత్రిక అలా చేతులు మారుతూ తిరిగేది. బడిలో దొరకనిది ఆ కుర్రవాడికి ఇక్కడ దొరకడం మొదలైంది. అనీబిసెంట్ గారి హోమ్‌రూల్ ఉద్యమం నడుస్తున్న రోజులు. 1917లో ఆమెను నిర్బంధించినప్పుడు ఆ గొడవ విరుదుపట్టి బజారు దాకా వచ్చింది. ఊళ్ళో ఎక్కడ సభ జరిగినా అంగడి వదిలి అక్కడికి పోయేవాడు. మేనమామకు తలనొప్పి మొదలైంది.

ఆ సభల్లో ఇతన్ని బాగా కట్టిపడేసిన వక్త ఎవరో తెలుసా? డాక్టర్ వరదరాజులు నాయుడు. సేలం జిల్లా రాశిపురంలో పుట్టిన తెలుగు కుటుంబం ఆయనది. తమిళంలో ఆయన మాట్లాడుతుంటే జనం గంటలకొద్దీ కదలకుండా కూర్చునేవారు. తమిళనాడు అనే పత్రిక నడిపారు. 1932లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది కూడా ఆయనే. మనలో చాలామంది ఇళ్ళలో తెలుగు మాట్లాడి, గడప దాటగానే తమిళంలోకి మారిపోతాం. రెండు భాషల మధ్య పిల్లవాడు నలిగిపోతాడేమోనని మీలో కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. నాయుడుగారి సంగతి అలాంటప్పుడు నాకు గుర్తుకొస్తుంది. ఇంటి భాష ఆయన నాలుకను బలహీనం చేయలేదు.

1919 ఏప్రిల్‌లో అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు. అప్పటికి కామరాజుకు 16 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ వార్త తర్వాత ఇక అంగడిలో మనసు నిలవలేదు. కాంగ్రెస్‌లో చేరిపోయాడు. ఇంట్లో వాళ్ళకు భయం పట్టుకుంది. మన ఇళ్ళలో ఇలాంటప్పుడు ఏంచేస్తారో వాళ్ళూ అదే చేశారు: ఊరు మార్చి చూశారు, పెళ్ళి చేద్దామని చూశారు. తిరువనంతపురంలో ఇంకో మామయ్యకు కలప అంగడి ఉంటే అక్కడికి పంపారు. రాజకీయాలకు దూరంగా ఉంటాడని వాళ్ళ ఆశ. అయితే కేరళలో అప్పుడు ఏం జరుగుతోంది? 1924లో వైక్కం గుడి చుట్టూ ఉన్న వీధుల్లో తక్కువ కులాలవాళ్ళు నడవకూడదన్న కట్టుబాటు మీద సత్యాగ్రహం. చిన్నప్పటి నుంచీ గుడి తలుపు బయట నిలబడిన వీధి నుంచి వచ్చినవాడు ఊరుకుంటాడా? వెళ్ళి అందులో చేరాడు. పెద్దవాళ్ళు తలపట్టుకుని మళ్ళీ ఊరికి పిలిపించారు. పెళ్ళికి ఒప్పుకోలేదు. జీవితాంతం ఒంటరిగానే ఉండిపోయారు.

ఇక్కడ శివకామి అమ్మాళ్‌ను తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది. నగలమ్మి పెంచిన ఒక్కగానొక్క కొడుకు, వ్యాపారం నేర్చుకుని ఇల్లు నిలబెడతాడనుకుంటే జెండా పట్టుకుని తిరుగుతున్నాడు. 1930లో రాజాజీ నడిపిన వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో చేరి, రెండేళ్ళ శిక్ష పడి, ఎక్కడో కలకత్తా దగ్గర అలీపూర్ జైలుకు వెళ్ళాడు. మరుసటి ఏడు గాంధీ-ఇర్విన్ ఒప్పందంతో విడుదలయ్యాడు. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు జైలు. అన్నీ కలిపితే సుమారు 9 ఏళ్ళు. ఆమె అడ్డం పడలేదు. కొడుకు మీద పెట్టుకున్న ఆశలు ఒక్కొక్కటే వదులుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. చరిత్ర పుస్తకాల్లో దీన్ని త్యాగం అని ఒక్క మాటలో రాసేస్తారు. ఆమెకు ఆ మాట సరిపోదు.

జైలు ఆయనకు రెండో బడి అయింది. ఆరో తరగతితో ఆగిన చదువును అక్కడ పుస్తకాలు తెప్పించుకుని, తోటి ఖైదీలను అడిగి, ఇంగ్లీషు కూడా కూడబలుక్కుని ముందుకు తీసుకెళ్ళారు. బయటికి వచ్చాక సత్యమూర్తిగారు గురువుగా దొరికారు. గొప్ప చదువరి, పార్లమెంటు వక్త. 1936లో ఆయన రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడైతే కామరాజు కార్యదర్శి. 1940లో కామరాజు అధ్యక్షుడైతే గురువుగారే కార్యదర్శిగా పనిచేశారు. అలాంటి పెద్దవాళ్ళు ఎంతమందికి దొరుకుతారు చెప్పండి.

ఆయన రాజకీయాల గురించి మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1937లో సాత్తూరు నుంచి పోటీ లేకుండా శాసనసభకు ఎన్నికయ్యారు. జైలులో ఉండగానే విరుదునగర్ మునిసిపల్ ఛైర్మన్‌గా ఎన్నుకుంటే, బయటికి వచ్చి ఆ పదవికి రాజీనామా ఇచ్చేశారు. 1949లో మన రాజపాళయం పి.ఎస్. కుమారస్వామిరాజా ముఖ్యమంత్రి కావడానికి వెనక నిలబడింది ఈయనే. కుమారస్వామిరాజాగారూ చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నవారు. ఒకే జిల్లాలో, ఇంచుమించు ఒకే కాలంలో పుట్టి, తండ్రి నీడ లేకుండా పెరిగిన ఇద్దరు పిల్లలు, ఒకరి ఇంట్లో తమిళం, ఇంకొకరి ఇంట్లో తెలుగు, ఇద్దరూ మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రులయ్యారు. రాజాగారి కథ విడిగా రాయవలసిందే.

1954 ఏప్రిల్ 13న కామరాజుగారు ముఖ్యమంత్రి అయ్యారు. అంతకు ముందు ఏడాది రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బళ్ళలో ఒక కొత్త పద్ధతి తెచ్చింది. పిల్లలు రోజుకు 3 గంటలు బడిలో ఉండాలి, మిగతా సమయం ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. కాగితం మీద చూస్తే బాగానే ఉంటుంది. పని నేర్చుకోవడం చెడ్డదా? కాదు. కానీ ఏ ఇంట్లో పుట్టావో ఆ ఇంటి పనే నీ భవిష్యత్తు అని ఎనిమిదేళ్ళ పిల్లవాడికి చెప్పినట్టవుతుంది. కుమ్మరి కొడుకు కుండల దగ్గరే, చాకలి కొడుకు రేవు దగ్గరే. కులవిద్య అని జనం ఎదురు తిరిగారు. మేనమామ అంగడిలో పన్నెండేళ్ళకే కూర్చున్న మనిషికి ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు. 1954లోనే ఆ పద్ధతిని తీసేశారు.

అదే మంత్రివర్గంలో పి. పరమేశ్వరన్ గారికి గుళ్ళ శాఖ అప్పగించారు. ఆయన దళితుడు. గుడి బయట నిలబెట్టిన వీధి నుంచి వచ్చిన ముఖ్యమంత్రి, తనకంటే దూరంగా నిలబెట్టిన వీధి నుంచి వచ్చిన మనిషికి గుళ్ళ బాధ్యత ఇచ్చారు. దాని మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చినట్టు ఎక్కడా లేదు.

తర్వాత బళ్ళు. పిల్లలు నడిచి వెళ్ళగల దూరంలో బడి ఉండాలని ఊరూరా తెరిపించారు. బడి ఉన్నా పిల్లలు రావడం లేదు. ఎందుకని? మన నల్లరేగడి ఊళ్ళలో మీ తాతలను అడగండి. మేకలు తోలితే ఒక పూట గంజి దొరికేది. బడికి పోతే ఆ గంజీ లేదు. దారిలో కారు ఆపి మేకలు కాచే పిల్లవాణ్ణి బడికి ఎందుకు పోలేదని ఆయన అడిగారని, పోతే అన్నం నువ్వు పెడతావా అని వాడు ఎదురు అడిగాడని ఒక కథ చెబుతారు. ఆ కుర్రవాడి పేరు ఎవరికీ తెలియదు గానీ అలాంటి కుర్రవాళ్ళు ఊరూరా ఉండేవారు.

బడిలో అన్నం పెట్టడం అంతకు ముందు అసలు లేని సంగతి కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు, ఆయనా తెలుగువారే, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకుండా ఖర్చు పెట్టి మధ్యాహ్నం తిండి పెట్టించారు. అది ఒక్క నగరంలో, కొన్ని బళ్ళలో. దాన్ని రాష్ట్రమంతా చేయాలంటే డబ్బు ఎక్కడిది? అధికారులు అదే అడిగారు. 1956లో ఎట్టయపురంలో పథకం మొదలైంది. కోవిల్‌పట్టి వాళ్ళకు చెప్పక్కర్లేదు, పక్క ఊరే. భారతి పుట్టిన ఊరు, తెలుగు మాట్లాడే ఎట్టప్ప నాయకర్ల జమీను. ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తే, మిగతాది ఊరివాళ్ళు పోగుచేసుకోవాలి. ధాన్యమో, కూరగాయలో, కట్టెలో, డబ్బో, ఎవరికి ఏది వీలైతే అది. విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న నె.దు. సుందరవడివేలు ఊరూరా తిరిగి దీన్ని నిలబెట్టారు. తర్వాత బళ్ళ అభివృద్ధి మహానాడులు పెట్టి, బెంచీలు, నల్లబల్లలు, గదులు కూడా ఊరివాళ్ళ చేతనే ఇప్పించారు.

ఎక్కడో విన్నట్టుంది కదూ? క్షత్రియ విద్యాశాలకు ఇల్లాలు కుండలో వేసిన పిడికెడు బియ్యమే ఇది. ఆ బియ్యంతో నడిచిన బడిలో చదివిన పిల్లవాడు పెద్దవాడై, ఆ కుండను రాష్ట్రమంతా పెట్టించాడు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని ఇంకా పెద్దది చేశారు. 2022 నుంచి పొద్దుటి పలహారం కూడా మొదలైంది.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 1967లో ఇదే విరుదునగర్‌లో ఆయన ఓడిపోయారు. నిలబెట్టింది ఒక విద్యార్థి నాయకుణ్ణి, పి. శ్రీనివాసన్‌ను. తేడా 1,285 ఓట్లు. అప్పుడు బియ్యం కరువు, హిందీ వ్యతిరేక ఉద్యమం వేడి, అవన్నీ ఉన్నాయి. బళ్ళలో కూర్చోబెట్టిన పిల్లలే ఎదిగి, సొంతంగా ఆలోచించి, ఆయనకు ఎదురు నిలిచారని కూడా అనుకోవచ్చు. నేనైతే అలాగే అనుకుంటాను.

శివకామి అమ్మాళ్ కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక కూడా విరుదునగర్ ఇల్లు వదలలేదు. నెలకు కొద్దిపాటి డబ్బు కొడుకు నుంచి వచ్చేది. ఆ ఇంటికి ప్రత్యేకంగా నీటి కుళాయి వేయిస్తే, వీధిలో అందరిలాగే పట్టుకోవాలని కొడుకు తీయించేశారని చెబుతారు. ఇది విని పిల్లలు చప్పట్లు కొడతారు. తల్లులు మాత్రం ముసలామె నీళ్ళు మోసుకోవాలా అని నొచ్చుకుంటారు. ఇద్దరి మాటా నిజమే. 1969లో ఆమె పోయింది. కామరాజుగారు 1975 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, మద్రాసు త్యాగరాయనగర్‌లో తాను ఉంటున్న అద్దె ఇంట్లో పోయారు. మరుసటి ఏడు భారతరత్న ఇచ్చారు.

విరుదునగర్ ఇల్లు ఇప్పుడు స్మారకం. సులోచన నాడార్ వీధిలో, ఇరుకు సందుల మధ్య ఉంటుంది. జూలైలో పిల్లలను తీసుకెళ్ళేవాళ్ళు, ఇల్లు చూసి తిరిగి వచ్చేయకుండా ఆ వీధి చివరిదాకా ఒకసారి నడవండి. క్షత్రియ విద్యాశాల ఇప్పటికీ నడుస్తోంది. ఇంటికి వచ్చాక తాతయ్యనో అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు ఎన్నో తరగతి వరకు చదివారు, ఎవరు మాన్పించారు, బడిలో అన్నం తిన్నారా అని అడిగి, ఒక పేజీ తెలుగులో రాసుకు రండి. జూలై 15న చదువుకుందాం.